గరుకు గోడ

టైల్స్ మేస్త్రీ వస్తున్నాడని గోడకి కొత్తగా రంగు వేసి ఉంచిన మనిషి లోకంలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు. అదీ ఒక పూత కాదు, రెండు పూతలు. లేత నీలం ఎనామిల్. బాత్‌రూమ్‌లో షవర్ ఉన్న మూలన రెండు గోడలూ నేల నుంచి కప్పు దాకా కొత్త గిన్నెల్లా మెరిసిపోతున్నాయి. ఆయన తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడి, మేస్త్రీ నోటి నుంచి మెచ్చుకోలు ఎప్పుడు రాలుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

మేస్త్రీ చెప్పులు బయట విడిచి లోపలికి అడుగుపెట్టాడు. మూల ముందు నిలబడి, గోడలో తన మొహం చూసుకుని మీసం సవరించుకున్నాడు.

"ఎప్పుడేశారు మాస్టారూ?"

"మొన్ననే. బాగా ఆరింది, చెయ్యి పెట్టి చూడు."

"ఎందుకేశారు?"

"అదేం ప్రశ్న? నువ్వొస్తున్నావనే."

మేస్త్రీ నవ్వు ఆపుకుందామని చూశాడు గానీ అతని వల్ల కాలేదు. బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని బోర్డుల మాస్టారు అంటారు. దుకాణాల మీద అక్షరాలు చేత్తో రాసే కాలంలో ఈ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆయన చేతిరాతే. ఇప్పుడు బోర్డులు యంత్రాల మీద అచ్చయి వస్తున్నాయి కాబట్టి ఆయన ప్రతాపమంతా ఇంటి గోడల మీదికి మళ్ళింది. అలాంటి మనిషి పనిని చూసి ఎదురుగానే నవ్వితే ఊరుకుంటాడా?

"నవ్వులాటకి పిలవలేదు నిన్ను," అన్నాడు.

"కోప్పడకండి మాస్టారూ. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశారు, కాదన్లేదు. కానీ టైలుకి కావలసింది అందం కాదండీ, గరుకు. ఇంత నున్నటి గోడ మీద వేస్తే నా జిగురు గోడని పట్టుకోదు, మీ రంగుని పట్టుకుంటుంది. ఆ రంగు గోడని వదిలిన రోజు రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కిందకి దిగిపోతాయి. అప్పుడు కింద స్నానం చేస్తుండేది ఆదివారం వస్తున్న మీ అక్కగారు."

"నా రంగు వదలదు. ఈ ఇంట్లో నా రంగు వదలడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

మేస్త్రీ వాదించలేదు. సంచిలోంచి స్క్రేపర్ తీసి, షవర్ పైపు పక్కన మొన ఆనించి చిన్నగా లేపాడు. కొత్త నీలం పొర వేలెడు వెడల్పున అరటిపండు తొక్కలా ఊడి వచ్చింది. దాని కింద నల్లటి చుక్కలు, గుంపులు గుంపులుగా.

"బూజు మీద వేసేశారా?"

ఆయనకి తల కొట్టేసినట్టయింది. బూజు కడగకుండా రంగు ముట్టుకోవద్దని తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పిన నోరే అది. అయితే ఆ గోడ మీద ఏనాడూ చుక్క బూజు లేదు. ఈ మధ్యనే ఎక్కడి నుంచో పొక్కింది. కిందటిసారి వేసిన నీలం డబ్బా కల్తీది అయ్యుంటుందని తిట్టుకున్నాడు. మేస్త్రీ చూస్తే పరువు పోతుందని గబగబా పైన పూసేశాడు. పైన పటారం, లోన లొటారం.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య టీ కప్పులు పట్టుకుని వచ్చింది. ఊడిన చోటుని చూసింది, చుక్కల్ని చూసింది, ఆయన్ని మాత్రం చూడలేదు. కప్పులు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి అని ఉంటే ఆయనకి కాస్త సుఖంగా ఉండేది.

మేస్త్రీ టీ తాగుతూ చెయ్యవలసిందంతా చెప్పాడు. గోడంతా వేళ్ళతో కొట్టి చూడాలి. డొల్లగా మోగిన చోట ప్లాస్టర్ ఊడగొట్టెయ్యాలి. మెరుపు అన్నది ఎక్కడా మిగలకూడదు, గీకాలి, రుద్దాలి, ఆ పైన గాట్లు పెట్టాలి. దుమ్ము కడిగి ఆరనివ్వాలి. తను గురువారం వచ్చి, నీళ్ళు లోపలికి దిగకుండా మందు పూసి, ఆ తరవాత టైల్స్ మొదలుపెడతాడు.

"మనిషిని పంపనా?" అని అడిగాడు లేస్తూ.

"నా గోడ నేను గీక్కోలేనా?"

"మీ ఇష్టం. కొత్త రంగు కదా, కాస్త ఏడిపిస్తుంది," అని మేస్త్రీ చెప్పులు తొడుక్కున్నాడు.

ఆదివారం అక్క వస్తోంది. తుంటి ఆపరేషన్ అయింది, నడక కుదుటపడే దాకా తమ్ముడింట్లో ఉంటానంది. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకు పెంచిన అక్క. ఆవిడ ఫోన్ చేసిన రోజు భార్య పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. "ఆ షవర్ దగ్గర పట్టుకునేందుకు కమ్మీ బిగించాలన్నార్రా. ఆ రంగు గోడ తీసేసి టైల్స్ వేయించెయ్," అంది అక్క. "అలాగే అక్కా," అన్నాడు ఆయన. ఒక్క ముక్క ఎదురు చెప్పలేదు.

అదే మూల గురించి భార్య ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది. ఆయన ఏళ్ళ తరబడి దాటేస్తూ వచ్చాడు. "రంగులవాడి ఇంట్లో టైల్సా? నలుగురూ నవ్వుతారు," అనేవాడు. ఒకసారి ఆవిడ దుకాణం నుంచి మచ్చుకి ఒక టైలు తెచ్చి చూపిస్తే, "బాగుంది, వేడి గిన్నె కింద పెట్టుకో," అన్నాడు. ఆవిడ అలాగే పెట్టుకుంది. ఆ టైలు ఇప్పటికీ వంటింటి గట్టు మీద ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా?

ఫోన్ వచ్చిన సాయంత్రమే ఆవిడ తన మాట చెప్పేసింది.

"వదిన వచ్చిన రోజున నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతాను."

"ఎన్నాళ్ళు?"

"ఏమో."

ఆయన నవ్వేశాడు. కోపంలో అన్నదిలే అనుకున్నాడు. కానీ మర్నాడు మంచం కింద నుంచి పెద్ద పెట్టె బయటికొచ్చింది. గది మూలన నోరు తెరుచుకుని కూర్చుంది. అందులోకి రోజూ ఏదో ఒకటి చేరుతోంది. నిన్న ఆయన తొంగి చూస్తే మడతపెట్టిన స్వెటర్ కనిపించింది. ఎండలు మండిపోతున్నాయి. చలికాలానికి సరిపడా బట్టలు సర్దుకుంటున్న మనిషి ఎన్నాళ్ళకి తిరిగొస్తుందో లెక్కవేసుకునే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఆ ఇంట్లో ఆవిడ లేకుండా ఒక్క పూట గడిపిన జ్ఞాపకం కూడా ఆయనకి లేదు.

మేస్త్రీ అటు వెళ్ళగానే ఆయన పాత చొక్కా వేసుకుని పనిలోకి దిగాడు. ముందు ఉప్పు కాగితంతో మొదలుపెట్టాడు. నాలుగు సార్లు రుద్దేసరికి కాగితం గరుకంతా నీలం జిగురుతో పూడిపోయి, వేలికి నున్నగా తగిలింది. కొత్త ఎనామిల్ పైకి ఆరినట్టు కనిపిస్తుందే గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. ఇంకో కాగితం తీశాడు, అదీ అంతే. తను వేసిన పూతే తన పీకకి చుట్టుకుంది. స్క్రేపర్ పుచ్చుకున్నాడు. పొర ముద్దలు ముద్దలుగా మడతలు పడి, బ్లేడుకి అంటుకుని, బ్లేడు నుంచి చేతికి అంటుకుని, చేతి నుంచి గడ్డానికి ఎక్కింది.

వంటింట్లోంచి గిన్నె దింపిన చప్పుడు వినిపించింది. టైలు మీద టక్కుమంది. ఆ చప్పుడు ఆయన ఇన్నేళ్ళూ రోజుకి రెండు పూటలా విని ఉండాలి. ఇవాళే చెవిన పడ్డట్టుంది.

మధ్యాహ్నానికి ఒక పద్ధతి కుదిరింది. పైన, తల దాటిన ఎత్తులో రంగు అట్టలు అట్టలుగా వస్తోంది. స్టూల్ ఎక్కి, బ్లేడు అంచు దూర్చి తడితే అరచెయ్యంత ముక్క ఒకేసారి రాలిపోతోంది. కింద మోకాలి దగ్గరా అంతే. "వదలదు" అని మేస్త్రీతో పందెం కాసినంత ధీమాగా అన్నాడు గాని, నున్నటి దాని మీద నున్నటిది వేస్తూ పోతే ఏమవుతుందో నేల మీద కుప్ప పడింది. ఆ కుప్పని కాలితో పక్కకి తోస్తుంటే ఆయనకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తమాషా అంతా మధ్యలో వచ్చింది. మోచేతి ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా, రెండు గోడల మీదా, రంగు వదలనంటోంది. బూజు పొక్కిన చోట్లు తప్పిస్తే మిగతాదంతా గోడలో కలిసిపోయినట్టు పట్టుకుని ఉంది. బ్లేడు జారిపోతోంది. ఆయన మణికట్టు నొప్పెట్టే దాకా గీకి, ఇదెక్కడి మొండితనం అనుకుంటూ నీళ్ళు చల్లి తుడిచాడు. దీని మీద తను ప్రత్యేకంగా ఏం చేశాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఏమీ చెయ్యలేదు. అదే డబ్బా, అదే కుంచె, అదే చెయ్యి.

బోర్డు మీద అక్షరం సరిగా కుదిరిందో లేదో చూడాలంటే ఎదురుగా నిలబడి చూడకూడదు. పక్క నుంచి వెలుతురు పడనిచ్చి, తల గోడకి దాదాపుగా ఆనించి వారగా చూడాలి. సాయంత్రం ఎండ కిటికీలోంచి అడ్డంగా పడుతున్నప్పుడు ఆయన అలవాటు కొద్దీ అలాగే చూశాడు.

గీతలు కనిపించాయి.

వెంట్రుకంత సన్నని గీతలు, వేలకొద్దీ. నిలువుగా కాదు, అడ్డంగా కాదు, గుండ్రంగా తిరిగిన గీతలు. ఒక సున్నా మీద ఇంకో సున్నా, దాని మీద ఇంకోటి, గోడ పొడవునా. కొత్త పొర ఊడిన చోటల్లా, కింద పాత రంగు మెరుపు చచ్చి పలక బండలా ఉంది. ఎవరో ఓపిగ్గా ఉప్పు కాగితం పట్టినట్టుంది. పట్టినది కాగితం కాదు, తోముడు బ్రష్ అని ఆయనకి వెంటనే తెలిసింది, బ్రష్ కుచ్చుల ఎడం తెలియని చెయ్యి కాదు ఆయనది.

ఆయన అరచెయ్యి గోడకి ఆనించి ఆ సున్నాల మీదుగా తిప్పి చూశాడు. చెయ్యి సున్నాల బయటికి పోతోంది. మోచెయ్యి ఒంటికి దగ్గరగా లాక్కుని, మోకాళ్ళు కాస్త వంచి, పొట్టి మనిషిలా నిలబడి తిప్పాడు. అప్పుడు సరిగ్గా సరిపోయింది.

అది ఆయన భార్య ఎత్తు.

తరవాత స్టూల్ ఎక్కాడు. పైన కూడా గీతలున్నాయి, కానీ అన్నిటికంటే అడుగున ఉన్న పాత ఆకుపచ్చ మీద. కప్పుకి జానెడు కింద దాకా ఉన్నాయి. దాని తరవాత వేసిన మీగడ రంగు మీద అవి అంత పైకి లేవు. మొన్నటి పూతల కింద ఉన్న పాత నీలం మీద భుజం దాటి ఒక్కటీ లేదు. పొర పొరకీ చెయ్యి కిందికి దిగుతూ వచ్చింది. ఈ బాత్‌రూమ్‌లో ఎప్పుడూ ఒక చిన్న ముక్కాలి పీట ఉండేదని, అది ఎప్పుడు పోయిందో తను గమనించనేలేదని ఆయనకి అప్పుడు తట్టింది. పీట ఎక్కలేని మనిషి చెయ్యెత్తింది. చెయ్యెత్తలేని, వంగలేని మనిషి అందినంత వరకూ తోమింది. అక్క ఫోన్ వచ్చిన రోజు నుంచి అదీ మానేసింది. ఆ తరవాతే కదా చుక్కలు పొక్కాయి! కల్తీ డబ్బా అని తను దుకాణంవాడి మీద ఎన్ని కేకలు వేశాడు!

ఆయన స్టూల్ దిగి తలుపు వెనక చూశాడు. మేకుకి వేలాడుతోంది బ్రష్. దాన్ని అన్నాళ్ళూ నేల తోమే బ్రష్ అనుకున్నాడు. కుచ్చులు ఒక పక్కకి వాలిపోయి ఉన్నాయి. చెక్క పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడింది. తన బొటనవేలు అందులో పెట్టి చూస్తే పట్టలేదు.

వంటింట్లో ఆవిడ పొయ్యి ముందు నిలబడి కూర కలుపుతోంది. ఎడమ చేత్తో కలుపుతోంది. కుడి చెయ్యి నడుముకి ఆనించుకుని ఉంది. ఆయన గుమ్మంలో ఆగాడు. మొహం మీద, జుట్టులో నీలం పొట్టు.

"ఆ గోడ నువ్వు తోమేదానివా?"

"మరెవరు తోముతారు? మీ రంగు కంపెనీవాడొచ్చి తోముతాడా?" ఆవిడ వెనక్కి తిరగలేదు.

"ఎప్పుడు తోమేదానివి? నేనెప్పుడూ చూళ్ళేదే."

"మీరు పేపరు చదివేటప్పుడు."

"నాకు చెప్పొచ్చుగా."

గరిటె ఆగింది. ఆవిడ ఇటు తిరిగింది. "చెప్పలేదా? భుజం లాగేస్తోందండీ, ఆ మూల నా వల్ల కావట్లేదు అన్నాను. మందు రాసుకో అన్నారు. రాసుకున్నాను. మళ్ళీ అన్నాను. మళ్ళీ మందే చెప్పారు. సరే, ఈయనకి గోడ భాషే అర్థమవుతుంది కాబోలు అని టైల్స్ మాటెత్తాను. నా రంగుకి అవమానం అన్నారు."

"ఇప్పుడు వేయిస్తున్నానుగా. నువ్వడిగిన టైల్సేగా?"

"నేనడిగింది టైల్స్ కాదు." ఆవిడ గొంతు పెరగలేదు. "నా భుజం నొప్పి ఇన్నేళ్ళు ఆగింది. మీ అక్క తుంటికి నెల తిరక్కుండా మేస్త్రీ వచ్చేశాడు. ఆవిడ మీద నాకేం కోపం లేదు, పాపం ఆవిడకీ నొప్పే. కానీ ఒకటి మాత్రం నేను మర్చిపోలేనండీ. వాచీల కొట్టాయన వచ్చిన రోజు మీరు తలుపు తీసి చూపించారు, గుర్తుందా? 'నా చెయ్యి పడితే బూజు దరి చేరదు, చూడండి' అన్నారు. నేను అప్పుడే తోమి బయటికొచ్చాను. తడి చేతులతో అక్కడే నిలబడ్డాను. ఆయన మీ చెయ్యి పట్టుకుని ఊపాడు."

వాచీల కొట్టాయన ఒక్కడేనా? ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆయన ఆ తలుపు తీసి చూపించాడు. ఏం చెయ్యాలో తోచక గట్టు మీద టైలు చేతిలోకి తీసుకున్నాడు. ముఖం వేడి గిన్నెలకి కాలి కాలి గోధుమ రంగు తిరిగింది. వెనక్కి తిప్పాడు. వెనకంతా గళ్ళు గళ్ళుగా గరుకు.

"అది అక్కడ పెట్టండి. గిన్నె దింపాలి," అంది ఆవిడ.

పెట్టేశాడు. ఆవిడ గిన్నె దింపబోతుంటే తనే గుడ్డ పట్టుకుని దింపాడు. ఆవిడ అడ్డు చెప్పలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ ఉప్పు గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. గదిలో పెట్టె అలాగే నోరు తెరుచుకుని ఉంది.

మర్నాడు ఆయన గోడని వేళ్ళతో కొట్టి చూశాడు. రెండు చోట్ల డొల్లగా మోగింది, ప్లాస్టర్ కొట్టేశాడు. పైనా కిందా ఉలీ సుత్తీ పెట్టి దగ్గర దగ్గరగా గాట్లు కొట్టాడు. బూజు ఉన్నచోట్లు మందు నీళ్ళతో కడిగాడు. జీవితమంతా గోడల గాట్లు పూడ్చిన చెయ్యి అది, కొట్టడానికి మొదట్లో ఒప్పుకోలేదు. మధ్య భాగంలో మాత్రం పైనున్న కొత్త నీలం వరకూ గీకేసి, గాట్లు పెట్టకుండా వదిలేశాడు. అక్కడ ఇంకేం చెయ్యాలో తెలియక కాదు, చెయ్యబుద్ధి కాలేదు.

గురువారం మేస్త్రీ వచ్చి గోడని తడిమాడు. పైన తడిమి తల ఊపాడు, కింద తడిమి తల ఊపాడు. మధ్యలో చెయ్యి ఆపి, గోరుతో గీరి, మళ్ళీ తడిమాడు.

"ఇది మీ పని కాదే మాస్టారూ?"

"ఎలా చెప్పావు?"

"మీది రెండు రోజుల కసి. ఇది వేరే. ఇలా సమంగా గరుకు రావాలంటే తీరిగ్గా చెయ్యాలి. దీన్నిక ముట్టుకోవక్కర్లేదు, టైలు చచ్చినా వదలదు. ఎవరు చేశారు?"

"మా ఆవిడ."

"అమ్మగారా? ఎప్పుడు?"

"పెళ్ళయినప్పట్నుంచీ."

మేస్త్రీ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేశాడు. హాల్లో గాజుల చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది.

శనివారం సాయంత్రానికి గోడలు తెల్లగా తయారయ్యాయి. కమ్మీ బిగించడమూ అయిపోయింది. ఆయన ఊపిరి పీల్చుకుని, "హమ్మయ్య, ఇక తోమే బాధ లేదు," అన్నాడు. మేస్త్రీ టైల్స్ మధ్య సందుల్లో నింపిన తెల్ల సిమెంట్‌ని తడి గుడ్డతో తుడుస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఎవరు చెప్పారండీ? బూజు టైలుకి పట్టదు గానీ ఈ సందులకి పడుతుంది. వారానికోసారి బ్రష్ పట్టకపోతే ఆరు నెలల్లో నల్ల గళ్ళ దుప్పటి అవుతుంది. ఓ నాలుగు రోజులు గట్టిపడనిచ్చి మొదలుపెట్టండి."

గుమ్మంలో నిలబడ్డ భార్య ఆ మాట వింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ బ్రష్ వైపు చూసింది.

ఆదివారం అక్క కారు దిగింది. వాకర్ మీద వాలి, ఒక్కో అడుగూ తూచి వేస్తూ, అయినా నోరు మాత్రం పరుగెత్తిస్తూ ఇంట్లోకి వచ్చింది. కూర్చోమంటే వినకుండా ముందు బాత్‌రూమ్ చూపించమంది. కమ్మీ పట్టుకుని ఊపి చూసింది. గోడ నిమిరింది.

"అద్దంలా ఉందిరా! ఉండదూ మరి? నువ్వు రంగు వేసినప్పుడూ అంతేగా, ఇంతకుముందు నేనొచ్చినప్పుడు చూశాగా, ఎన్నేళ్ళయినా ఒక్క మచ్చ ఉండేది కాదు. నీ చేతిలోనే ఏదో ఉందిరా తమ్ముడూ."

హాల్లో భార్య సంచి జిప్ వేస్తోంది. ఆ చప్పుడు సగంలో ఆగింది. ఆయనకి ఆ మెచ్చుకోలు తియ్యగానే తగిలింది, అబద్ధమెందుకు? నవ్వి ఊరుకుంటే సరిపోయేది. అందరూ పెద్దవాళ్ళే, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఆవిడ మటుకు ఆ పెద్ద పెట్టె పట్టుకుని వెళ్ళిపోయేది.

"నా చేతిలో ఏమీ లేదక్కా," అన్నాడు. "అది నా రంగు గొప్ప కాదు. నీ మరదలు తోమేది. వారం వారం, భుజం పడిపోయే దాకా తోమింది. నేను గమనించలేదు. నా గొప్పే అనుకుని ఊరంతా చెప్పుకున్నాను. నీకూ అదే చెప్పాను."

అక్క వాకర్ తిప్పుకుని హాల్లోకి చూసింది. "ఏమ్మాయ్, నీకు నోరు లేదా? ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నోరుంది వదినా. ఆయనకే చెవులు మొన్న మొలిచాయి."

అక్క పకపకా నవ్వింది, నవ్వితే తుంటి పోటెత్తి "అమ్మా" అంది, మళ్ళీ నవ్వింది. ఆయనకీ నవ్వు రాబోయింది గాని భార్య నవ్వడం లేదని చూసి మింగేశాడు.

ఆవిడ సంచి ఎడమ భుజానికి తగిలించుకుంది. "ఏమీ అనుకోకండి వదినా, చెల్లెల్ని చూసి చాలా రోజులైంది. వెళ్ళొస్తాను. మీకు కావలసినవన్నీ మీ తమ్ముడు చూసుకుంటారు. పొద్దున మందు పాలతో వేసుకోవాలట కదా, ఆయనకి రెండుసార్లు చెప్పండి."

"వెళ్ళిరా తల్లీ. వీడికి కాస్త పని పడనీ," అంది అక్క.

ఆయన గేటు దాకా సంచి మోసుకెళ్ళాడు. బరువు లేదు. అప్పుడు గాని ఆయనకి వెలగలేదు, అది చేతి సంచి. పెట్టె ఏమైందని అడగబోయి, అడిగితే ఎక్కడ గుర్తు చేసినట్టవుతుందోనని నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ ఆటోలో కూర్చున్నాక అంది, "కింద నుంచి మొదలుపెట్టి పైకి తోమాలి. పైనుంచి తోమితే మురికి నీళ్ళు కిందికి కారి చారలు కడతాయి. మళ్ళీ అవి తోముకోవాలి."

"సరే."

"ఆ బ్రష్ ముట్టుకోకండి. అది నా చేతికి అలవాటు పడింది. కొత్తది కొనుక్కోండి."

ఆటో మలుపు తిరిగాక ఆయన గదిలోకి వెళ్ళి చూశాడు. పెద్ద పెట్టె మూత వేసి మంచం కిందికి తోసి ఉంది. అలమరలో స్వెటర్ ఎప్పటి చోటే మడతపెట్టి ఉంది. ఎప్పుడు సర్దిందో, గురువారమా, ఇందాక జిప్ ఆగినప్పుడా, ఆయనకి తెలియలేదు. అలమర తలుపు మూసి, మళ్ళీ తెరిచి ఇంకోసారి చూసుకున్నాడు.

బుధవారం పొద్దున అక్క స్నానం అయ్యాక ఆయన కొత్త బ్రష్ పట్టుకుని షవర్ మూలలోకి వెళ్ళాడు. పేపరు విప్పకుండా హాల్లో పడి ఉంది. ఎంత చెప్పినా పెయింటర్ బుద్ధి పోతుందా? చెయ్యి దానంతటదే పైకి లేచింది. పై వరసలో నాలుగు టైల్స్ తోమేసరికి సబ్బు జిడ్డు నీళ్ళు మోచేతి మీదుగా చంకలోకి కారాయి, తెల్లటి గోడ మీద బూడిద రంగు చారలు దిగాయి. భుజం అప్పుడే లాగుతోంది. ఆయన ఆ చారల్ని చూసి, కడిగి, లుంగీ ఎగ్గట్టి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కింది వరస నుంచి మొదలుపెట్టాడు. సందు సందుకీ బ్రష్ ఆనించి గుండ్రంగా తిప్పుతుంటే పని చీమ నడకలా సాగుతోంది.

హాల్లో ఫోన్ మోగింది. అక్క ఎత్తి మాట్లాడుతోంది. "ఆఁ, బాగానే ఉన్నానమ్మాయ్... ఆఁ, మందు వేసుకున్నా... లేదు లేదు, పేపరు ముట్టుకోలేదు, తోముతున్నాడు." తరవాత గొంతు పెంచింది. "ఒరేయ్, ఎంతవరకొచ్చిందని అడుగుతోందిరా!"

ఆయన తలెత్తి గోడ పొడవునా పైదాకా చూశాడు.

"కింద వరసలోనే ఉన్నానని చెప్పక్కా."